పన్నెండో పేరు

ఆదివారం కోరుట్లలో వాలీబాల్ మ్యాచి. అంతలోపల చేయాల్సిన పనులను గోవర్ధన్ రూళ్ల కాగితం మీద వరుసగా రాసుకున్నాడు.

బాలుకు గాలి కొట్టించాలి.
తంగళ్ళపల్లిలో రుక్కమ్మకు అల్లడానికిచ్చిన నెట్టు తేవాలి.
మెటాడోర్ సాయన్నకు పొద్దున ఐదింటికే రమ్మని ఇంకోసారి చెప్పాలి.
ఠాణాలో పర్మిషన్ కాగితం ఇవ్వాలి. ఆటగాళ్ల పేర్లు, తండ్రుల పేర్లు, ఇంటి నంబర్లు. మూడు ప్రతులు.
దశరథం కాక పేరు మరవొద్దు.

చివరి మాట కింద రెండు గీతలు గీశాడు.

అది తొంభై ఒకటో సంవత్సరం. అడవిలో అన్నలు, రోడ్ల మీద పోలీసులు. పదిమంది కలిసి ఊరు దాటాలంటే ముందు కాగితం దాటాలి. సిరిసిల్లలో ఒక నేత సహకార సంఘం కార్ఖానాలో గోవర్ధన్ గుమస్తా, అక్కడి ఆటల సంఘానికి సెక్రటరీ. వాళ్ల వంశంలో బీయే పాసైన మొదటివాడు. కాగితం మీద నిజం రాసి ఉంటే అదే మనిషికి కాపలా కాస్తుందని గట్టిగా నమ్మేవాడు.

ఆటల సంఘాన్ని పెట్టింది మాత్రం దశరథం. పన్నెండు గంటలు సాంచెల, అంటే మరమగ్గాల, నడుమ నిలబడ్డ మనిషి చెవుల్లో ఆ చప్పుడు ఇంటిదాకా వస్తుంది. పెళ్లాంతో కూడా అరిచే మాట్లాడతాడు. షిఫ్టు దిగాక గంటసేపు వాలీబాల్ ఆడితే ఒళ్లూ తేలికవుతుంది, పక్క సాంచె వాడి ముఖమూ తెలుస్తుందని దశరథం పోరగాళ్లను పోగుచేశాడు. ఒక కట్టుబాటు పెట్టాడు. "ఆడలేనోడైనా సరే, పానం ఉన్నంతకాలం లిస్టుల పేరు తియ్యొద్దు."

ఆ కట్టుబాటు చివరికి ఆయనకే పనికొచ్చింది. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, మూడు మెట్లు ఎక్కితే నాలుగో మెట్టు మీద కూలబడేవాడు. అయినా పన్నెండో పేరు ఆయనదే. సంఘం విజిలు మెడలో వేసుకుని, గీతకు అవతల కూర్చుని స్కోరు రాసేవాడు.

"గీ కాక కంటె మన బాలే నయమే. పంపు కొడితె గాలన్న ఎక్కుతది," అనేవాడు కెప్టెన్ రాజలింగం.

అందరూ నవ్వేవారు. దశరథం కూడా నవ్వి, దగ్గి, ఉమ్మి, "నవ్వుండ్రి కొడుకా. మీ ముక్కులల్ల పోయేది గూడ గదే దుమ్ము," అనేవాడు.

ఆదివారం మెటాడోర్ జగిత్యాల చేరేసరికి దశరథం డ్రైవరు భుజం తట్టాడు.

"సాయన్నా, జర ఆపు. బుగ్గారంల ఒకాయన దగ్గుకు పసరు పోస్తడట. ఆయితారమే పోస్తడట. నేను గీడ దిగుత. మాపటికి బస్టాండుల ఉంట, ఎక్కించుకోండ్రి."

"మరి స్కోరెవలు రాస్తరు కాకా?" అన్నాడు గోవర్ధన్.

"బీయే సాబువు, పదిహేను దాక లెక్క రాదా నీకు?"

కోరుట్లలో టోర్నమెంటు పెట్టింది పోలీసులే. పోరగాళ్లు అడవి దారి పట్టకుండా ఆటల్లో పెట్టాలని వాళ్ల ఆలోచన. ఫైనల్లో కార్ఖానా జట్టు పోలీసు జట్టు చేతిలో ఓడింది. గెలవడం కంటే అదే మేలని రాజలింగానికి తెలుసు. చిన్న కప్పు ఇచ్చి ఫోటో తీశారు. కింద అచ్చు వేయడానికి పేర్లు అడిగితే గోవర్ధన్ అలవాటు కొద్దీ పన్నెండూ రాసిచ్చాడు.

సాయంత్రం జగిత్యాల బస్టాండులో దశరథం పచ్చటి మందు సీసా రొమ్ముకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. వ్యానెక్కగానే అడిగింది స్కోరే.

ఆ మధ్యాహ్నమే బుగ్గారం దిక్కు అన్నలు ఒక బస్సు తగలబెట్టారని వాళ్లకు తెల్లవారి తెలిసింది.

నాలుగో రోజు కార్ఖానా ముందు పోలీసు జీపు ఆగింది. ఆఫీసు గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్న అధికారి ఫోటోను బల్ల మీద పెట్టాడు.

"ఏమయ్యా సెక్రటరీ, పేర్లు పన్నెండున్నాయి. తలకాయలు పదకొండే ఉన్నాయేంటి?"

గోవర్ధన్ నోరు విప్పేలోగా గడపలో నిలబడ్డ రాజలింగం అందుకున్నాడు. "మా దశరథం కాక సార్. ముసలి పానం. ఫోటో దించేటప్పుడు ఒంటికి పోయిండు."

ఆ ఒక్క అబద్ధంతో ఆగి ఉంటే సరిపోయేది. కానీ గోవర్ధన్ ఇంకోలా ఆలోచించాడు. రేపు వాకబు చేస్తే అబద్ధం బయటపడుతుంది, అప్పుడు కాక మీద లేని అనుమానం వస్తుంది. నిజం చెబితే భయమేముంది?

"కాదు సార్. ఆయన గ్రౌండుకు రాలేదు. జగిత్యాలల దిగి బుగ్గారం పోయిండు, దగ్గు మందుకు. కావాలంటె సీసా చూడుండ్రి, వాళ్లింట్లనే ఉన్నది."

రాజలింగం కళ్లు మూసుకున్నాడు.

"బుగ్గారం," అన్నాడు అధికారి మెల్లగా. లేచి గోవర్ధన్ వీపు తట్టాడు. "చదువుకున్నవాడివి అనిపించావు."

దశరథాన్ని సాంచెల నడుమ నుంచే తీసుకుపోయారు. తలనిండా నూలు నుసి. పోతూ పోతూ గోవర్ధన్ వైపు తిరిగాడు. "నా సాంచె బందువెట్టుండ్రి, పోగు తెగుతది. నువ్వు అన్నీ చెప్పినవట గద కొడుకా. ఇగ నాకేం ఫికరు?"

గోవర్ధన్ ఆ సాయంత్రం ఠాణాకు పోయాడు, మరునాడూ పోయాడు. అలాంటి మనిషిని తేలేదన్నారు. ఆరో రోజు పేపర్లో నాలుగు వరుసల వార్త. పోలీసులపై కాల్పులు జరుపుతూ గుట్ట మీదికి పరుగెత్తిన గుర్తు తెలియని తీవ్రవాది మృతి. వయసు సుమారు నలభై ఐదు. దొరికిన వస్తువులు: ఒక నాటు తపంచా, ఒక విజిలు.

విజిలు ఆటల సంఘానిదే.

దశరథం భార్య శాంత మందు సీసాతో కార్ఖానాకు వచ్చింది. ఏడవలేదు. సీసాను బల్ల మీద పెట్టింది.

"ఇంక మూడు పూటలది మిగిలింది. మీ కాక గుట్టెక్కి ఉరికిండట. నువ్వెన్నడన్న సూసినవా, ఆయన ఉరుకంగ?"

"చిన్నమ్మా, నేను నిజమే చెప్పిన."

"ఆయనను ఎగతాళి జేసేటోడు అబద్ధమాడిండు. కాకా కాకా అన్నోనివి నువ్వు నిజం చెప్పినవు. మంచిగున్నది." కొంగు బిగించుకుంది. "ఆయన పేరు, మా మామ పేరు, ఇంటి నంబరు మూడు కాయితాల మీద రాసిచ్చినవు గద. మరి గుర్తు తెల్వదని ఎట్ల రాసిండ్రు?"



దసరా తర్వాత మళ్లీ టోర్నమెంటు, మళ్లీ కాగితం. పోకుంటే ఎందుకు రాలేదని అడుగుతారు, అందుకే పోవాలి. గోవర్ధన్ పదకొండు పేర్లు రాసి ఇచ్చాడు. ఠాణా రైటరు చూసి, పన్నెండు నిండాలంటూ తానే కలం తీసి డ్రైవరు సాయన్న పేరు చేర్చాడు.

సాయన్న ఆ కాగితం మీద దశరథం చోట తన పేరు చూసి, దాన్ని కొట్టెయ్యమని గోవర్ధన్‌ను బతిమాలాడు.

కోరుట్ల ఫోటో ఇప్పటికీ కార్ఖానా గోడకు ఉంది. ఎప్పుడైనా అటు పోతే తలకాయలు లెక్కపెట్టకండి. కింద చివరి పేరు దగ్గర ఆగండి. ఆడెపు దశరథం, తండ్రి నాంపల్లి, సిరిసిల్ల. స్కోరు రాసే మనిషి, దగ్గు మందుకు పోయిన మనిషి. దయచేసి ఆ పేరు గుర్తుపెట్టుకోండి.