వదిన కుట్టిన బొమ్మలు

ఆ ఇంట్లో ఆమెను వాగుడుకాయ అనే పిలిచేవారు. పేరు పెట్టింది అన్నయ్య. వదిన కాపురానికొచ్చిన కొత్తలో అది విని నొచ్చుకుంది గానీ, నాలుగు రోజులు గడిచేసరికి ఆమె నోటికీ అదే అలవాటైపోయింది.

వదిన సంగతి వేరు. ఆమెకు నత్తి. ఇంట్లో తమ ముగ్గురే ఉన్నప్పుడు అంతగా తెలియదు. కొత్తవాళ్ళు ఎదురైతే మాత్రం మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. కూరగాయల కొట్టుకు వెళ్ళినా వేలితో చూపించి తెచ్చుకునేది.

ముందుగదిలో కిటికీ పక్కన వదిన కుట్టుమిషన్ ఉండేది. పనులన్నీ అయ్యాక అక్కడ కూర్చుని గుడ్డ బొమ్మలు కుట్టేది. ఒళ్ళు మిషన్ మీద కుట్టి, దూది కూరి, ముఖం మాత్రం చేత్తో కుట్టేది. ఏ రెండు ముఖాలూ ఒకలా ఉండేవి కావు. ఒక బొమ్మ అప్పుడే నిద్ర లేచినట్టుండేది. ఒకటి ఎవరిమీదో అలిగినట్టు, ఇంకొకటి దొంగతనంగా ఏదో తిని మూతి తుడుచుకున్నట్టు.

మంచం కింద, అలమర మీద, చివరికి తన చొక్కాల మధ్య కూడా బొమ్మలే కనబడుతుంటే అన్నయ్య ఒకరోజు చెల్లెలితో అన్నాడు: "వీటిని చేతిపనుల సంతకి పట్టుకెళ్ళి అమ్మవే. నీ నోరు ఎటూ ఊరికే ఉండదు కదా."

వదిన ముఖం వెలిగిపోయింది. "నువ్వు మాట్లాడు, నేను కుడతాను" అంది ఆడపడుచుతో.

అలా మొదలైంది. సెలవు రోజుల్లో ఒక బడి ఆవరణలోనో, ఏదో హాలులోనో సంత జరిగేది. వాగుడుకాయ బల్ల మీద గుడ్డ పరిచి బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టేది. పక్క బల్ల కొవ్వొత్తులు చేసే ఆవిడది. మొదటి సంతలోనే, కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ అలిగిన బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"మీరే కుట్టారా అమ్మా?"

కాదండి, మా వదిన అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ పెద్దావిడ కళ్ళలోని మెచ్చుకోలు అప్పటికే తనమీద వాలింది. దాన్ని పక్కకు తొయ్యబుద్ధి కాలేదు.

"అవునండి" అంది.

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కి మరీ వెళ్ళింది. ఇంటికొచ్చాక వదిన గుమ్మంలోనే నిలబడి, "ఏమన్నారే?" అని అడిగింది. "బాగున్నాయన్నారు" అని కాళ్ళు కడుక్కునే వంకతో లోపలికి వెళ్ళిపోయింది వాగుడుకాయ.

ఆ తర్వాత అబద్ధం దానంతటదే పెరిగింది. కొనేవాళ్ళకు బొమ్మ ఒక్కటే చాలదు, దాని వెనక కథ కూడా కావాలి. ఎవరు నేర్పారు, ఎప్పుడు మొదలుపెట్టారు అని అడుగుతారు. వాగుడుకాయ కన్నతల్లి సూదిలో దారం ఎక్కించాలన్నా పక్కింటివాళ్ళను పిలిచే మనిషి. అందుకని వదిన చెప్పిన కథే చెప్పేసింది.

వదిన కుడుతూ కుడుతూ వాళ్ళమ్మ గురించి చెప్పేది. ఆవిడ ఒక దర్జీ కొట్లో బొత్తాలు కుట్టేది. కింద పడిన గుడ్డముక్కలు ఏరి సంచిలో తెచ్చేది. బడిలో పిల్లలు నత్తిని వెక్కిరిస్తే కూతురు మాట్లాడడమే మానేసింది. అప్పుడు ఆవిడ ఆ ముక్కలతో ఒక బొమ్మ కుట్టి ఒళ్ళో పెట్టి, "దీనికి చెప్పుకో అమ్మలూ, ఇది నిన్ను తొందరపెట్టదు" అందట. వదిన పెళ్ళినాటికి ఆవిడ లేదు. ఈ మాట వదిన భర్తకు కూడా చెప్పలేదు. ఆడపడుచుకే చెప్పింది.

"చిన్నప్పుడు నాకు నత్తి ఉండేదండి" అని సంతలో మొదలుపెట్టేది వాగుడుకాయ. "ఇప్పుడు చూస్తే అలా లేదే" అని జనం నవ్వేవారు. కథ పూర్తయ్యేసరికి కొందరు కళ్ళు తుడుచుకునేవారు. బొమ్మలు అయిపోయేవి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఖాళీ సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇంకెప్పుడూ చెప్పకూడదనుకునేది. వచ్చే సంతలో మళ్ళీ చెప్పేది.

ఒకసారి సంత నడిపే ఆవిడ అందరి దగ్గరికీ వచ్చి, "వచ్చే సంతలో ఎవరి పని వాళ్ళు జనం ముందే చేసి చూపించాలి. బొమ్మలు మీ చేత్తో కుడుతుంటే చూడాలని అందరూ అడుగుతున్నారు" అని చెప్పింది. వాగుడుకాయకు బొత్తాం కుట్టడం కూడా రాదు. ఈ సంగతి ఇంట్లో దాచింది. సంత దగ్గరపడ్డాక కుడిచేతి వేలికి గుడ్డ చుట్టుకుని, తలుపు సందులో పడి నలిగిందని ఇంట్లో చెప్పింది. సంత ఆవిడకూ అదే చెప్పి తప్పించుకోవాలని ఆలోచన.

వదిన గాభరాపడిపోయింది. గుడ్డ విప్పి చూస్తానంటే ఈమె చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇక ఆమెను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు వదిన. బట్టలు ఉతికిపెట్టింది. అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టింది. వెనక కూర్చుని జడ వేసింది. ఈమె ముఖం పక్కకు తిప్పుకుంటుంటే, "నొప్పిగా ఉందా?" అని అడిగేది.

"లేదు వదినా."

"మరి ఆ ముఖమేంటే?"

సంత ముందురోజు వదిన మిషన్ మీద గుడ్డ కప్పి వచ్చి ఎదురుగా కూర్చుంది. "రే... రేపు నేనొస్తాను. నువ్వు మాట్లాడు. బొమ్మలు నేను సర్ది, తల వంచుకుని కుట్టుకుంటూ కూర్చుంటాను. నీ చెయ్యి బాగోలేదని బల్ల పోగొట్టుకుంటామా?"

"అంత జనంలో నీకెందుకు వదినా?"

"నీకోసం ఆ మాత్రం చెయ్యలేనా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదని ఆమెకు తెలుసు. చెప్పలేదు.

మర్నాడు వదిన బల్ల వెనక ముడుచుకుని కూర్చుంది. సూది పట్టుకున్నాక మాత్రం చేతులు ఎప్పటిలాగే చకచకా కదిలాయి. చుట్టూ జనం చేరారు. వాగుడుకాయ నోరు మెదపడంలేదని కొవ్వొత్తులావిడ వింతగా చూసింది. ఇంతలో కళ్ళజోడు పెద్దావిడ వచ్చింది. ముందు గుడ్డ చుట్టిన వేలిని చూసి అయ్యో అంది. తర్వాత వదిన వైపు తిరిగింది.

"ఈవిడ దగ్గర నేర్చుకుంటున్నారా? అదృష్టవంతులు. వాళ్ళమ్మగారు నత్తి పోగొట్టడానికి బొమ్మ కుట్టిచ్చిన కథ చెప్తే నాకు ఆ వారమంతా అదే ధ్యాస. ఇది నిన్ను తొందరపెట్టదు అందట. ఎంత గొప్ప తల్లి."

వదిన సూది ఆగిపోయింది. తలెత్తి ఆడపడుచును చూసింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఇక రాదని, ఇక్కడ వదిన తనను ఎప్పటికీ బయటపెట్టదని వాగుడుకాయకు అర్థమైంది. ఊరుకుంటే గండం గడిచిపోతుంది.

"ఆవిడ మా అమ్మ కాదండి" అంది. "మా వదిన వాళ్ళమ్మ. బొమ్మలన్నీ వదినే కుట్టింది. నాకు కుట్టడం రాదు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను."

పెద్దావిడ చేతిలోని బొమ్మను బల్ల మీద పెట్టేసింది. వదిన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది. జనం ఒక్కొక్కరే పలచబడ్డారు. కొవ్వొత్తులావిడ తన సరుకు సర్దుకోవడంలో మునిగిపోయింది. వదిన మాత్రం మొదలుపెట్టిన ముఖం పూర్తిచేసి, దారం కొరికి, సూదిని పెట్టెలో పెట్టింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. వాగుడుకాయ వేలి గుడ్డ విప్పేసింది. దెబ్బలేని వేలు తెల్లగా నాని ముడతలు పడి ఉంది.

"దీనికేం కాలేదు వదినా. చేసి చూపించమంటారని..."

వదిన ఆ వేలును చూసి కిటికీ వైపు తిరిగింది. చాలా దూరం వెళ్ళాక, ఎక్కడా తడబడకుండా అంది: "బొమ్మలు నీవని చెప్పుకో. నేను పట్టించుకోను. మా అమ్మని ఎందుకిచ్చేశావే వాళ్ళకి?"

ఎప్పుడూ నోరు మూయని మనిషి ఇల్లు చేరేదాకా తల వంచుకునే కూర్చుంది.

వదిన సంతలు మానలేదు. ప్రతిసారీ వచ్చి కుడుతోంది. జనం కూడా మెల్లగా అలవాటయ్యారు. పిల్లలు అడిగితే ఆగి ఆగి జవాబిస్తోంది. కొనేవాళ్ళతో వాగుడుకాయ బొమ్మ ఉతకడం ఎలాగో, రంగు పోతుందో లేదో చెప్తుంది. అంతకుమించి ఒక్క మాట చెప్పదు. ఇంట్లో వదిన ఆమెతో బాగానే ఉంటుంది. దూది అయిపోయిందంటుంది, కత్తెర ఎక్కడ పెట్టావంటుంది, తిన్నావా అంటుంది. వాళ్ళమ్మ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రాలు వదిన మిషన్ ముందు కూర్చుంటే, వాగుడుకాయ పక్కనే చాప వేసుకుని గుడ్డముక్కలు రంగులవారీగా వేరుచేస్తుంటుంది. మిషన్ ఆగినప్పుడల్లా తలెత్తి చూస్తుంది. వదిన దారం మార్చుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెడుతుంది.