ఒక్కదానికే దుద్దులు

కవలపిల్లలు పుట్టి అయిదు నెలలైంది. ఆ అయిదు నెలల్లో వాళ్లమ్మ ఏకబిగిన మూడు గంటలు నిద్రపోయిన రోజు లేదు. మొన్న ఇద్దరికీ జ్వరం వస్తే, చెరోసారి మందు చుక్కలు వేశాననుకుని ఒక్కదానికే రెండుసార్లు వేసేసింది. ప్రమాదమేం లేదని డాక్టరు చెప్పాడు కానీ ఆమె భయం తీరలేదు. ఇద్దరూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటారు. పెద్దదాని కాలికి కట్టిన ఎర్రదారం ఒక్కటే గుర్తు.

"పెద్దదానికి చెవులు కుట్టించేస్తాను," అంది అత్తగారితో.

"ఒక్కదానికేనా? చూసినవాళ్లు ఏమనుకుంటారే?"

"అనుకోనీండి అత్తయ్యా. చిన్నదానికి మాటలొచ్చాక కుట్టిద్దాం. అప్పుడు తనెవరో అదే చెప్పుకుంటుంది."

మర్నాడు చెరొకదాన్ని ఎత్తుకుని క్లినిక్కి వెళ్లారు. బెంచీ మీద గంటన్నర కూర్చున్నాక పిలుపొచ్చింది. లోపల నర్సు పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నట్టుంది, ఒక చెప్పు విడిచి ఆ పాదాన్ని రెండో పాదానికి రుద్దుకుంటోంది.

"ఎవరికమ్మా కుట్టాలి?"

"పెద్దదానికండీ."

"పెద్దది ఎవరు?"

తల్లి తన చేతుల్లోని పిల్ల కాలు చూసింది. దారం లేదు. అత్తగారి చేతుల్లోని పిల్ల మేజోడు లాగి చూసింది. అక్కడా లేదు. తువ్వాలు దులిపింది, సంచీ బోర్లించింది. పాలసీసా, రెండు గిలక్కాయలు, తడిగుడ్డలు. దారం మాత్రం లేదు.

"పొద్దున నీళ్లు పోసినప్పుడు జారిపోయుంటుంది. అత్తయ్యా, మీ దగ్గరున్నది పెద్దదేనా?"

"అదేననుకుంటా..." అంటూ అత్తగారు నీళ్లు నమిలింది.

"బయట ఇంకా ఏడుగురున్నారమ్మా," అంది నర్సు. విసుగ్గా కూడా అనలేదు, అంత ఓపిక లేదు ఆమెకు.

తల్లి స్టూలు మీద కూలబడి, చప్పుడు చేయకుండా ఏడ్చింది. "కన్నతల్లినండీ. నాకే తెలియట్లేదు."

"నాకున్నది ఒక్కడే," అంది నర్సు దూది అందిస్తూ. "స్కూలు ఫొటోలో ఎవరి పిల్లాణ్ణో చూపించి వీడే మావాడు అన్నాను ఓసారి. నైట్ డ్యూటీ దిగొచ్చిన రోజు. నా కొడుకు నెలరోజులు మాట్లాడలేదు."

అత్తగారు గొంతు సవరించుకుంది. "ఒక మాట చెప్తాను, తిట్టకు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడో రోజే ఆ దారం ఊడిపోయింది. నువ్వు కన్నుమూసి పది నిమిషాలైందేమో, లేపబుద్ధి కాలేదు. చేతికందినదాని కాలికి కట్టేశాను."

కోడలు తలెత్తి చూసింది. "అంటే ఇన్నాళ్లూ..."

"ఆ. ఎవరు పెద్దో ఆ దేవుడికే ఎరుక."

నర్సు నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగింది. తల్లికి కోపం రావలసింది. రాలేదు. అయిదు నెలలుగా మోస్తున్న మూటేదో భుజం మీంచి జారినట్టు అనిపించింది. ముక్కు తుడుచుకుని, ఒళ్లో ఉన్న పిల్ల నెత్తి నిమిరింది.

"అయితే ఇదే పెద్దది. కుట్టేయండి."

"ఖాయమేనా? రేపొచ్చి మార్చమంటే నావల్ల కాదు."

"ఖాయం."

నర్సు రెండు తమ్మెల మీదా పెన్నుతో చుక్కలు పెట్టింది. ఒకటి కిందికి వచ్చిందని తుడిచి మళ్లీ పెట్టింది. దుద్దు గుచ్చే మిషను టక్కుమన్న చప్పుడుకు పిల్ల ముందు ఆశ్చర్యంగా చూసింది, తర్వాత గుక్కపట్టింది. దాన్ని చూసి రెండోది కూడా, ఎవరూ ముట్టుకోకుండానే, రాగం అందుకుంది. రెండో చెవి కుట్టేటప్పటికి అత్తగారి కళ్లూ తడిశాయి.

"రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లతో తుడవండి. ఊరికే ముట్టుకోకండి," అని నర్సు చెప్పు తొడుక్కుని తర్వాతివాళ్లను పిలిచింది.

ఆటో ఎక్కాక అత్తగారు నెమ్మదిగా అడిగింది. "కోపమొచ్చిందా నామీద?"

"రేపు కోప్పడతానత్తయ్యా. ఇవాళ ఓపిక లేదు."

పిల్లలిద్దరూ ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. కోడలి తల మెల్లగా ఒరిగి అత్తగారి భుజం మీద ఆగింది. ఇంటిముందు ఆటో ఆపి డ్రైవరు వెనక్కి తిరిగాడు.

అత్తగారు వేలు పెదవుల మీద పెట్టుకుంది. "ఇంకో నాలుగు వీధులు తిప్పు నాయనా," అంది గుసగుసగా.