సెకనుకు యాభై

నర్మదకు ఇచ్చిన మెమో నకలు తన బల్లమీదికి వచ్చేసరికి వసుమతికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో సగం డైరెక్టరు విద్యాసాగర్ మీద, సగం తన మీద.

అది 1973 వేసవి. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఆ కేంద్రంలో ఉన్నది ఒకే కంప్యూటరు. నగరంలోని ఆఫీసులు దానిమీద వంతులవారీగా పని చేయించుకునేవి. ఏ వంతు ఎప్పుడు ముగిసిందో ఆపరేటరు నర్మద గోడగడియారం చూసి రిజిస్టరులో రాసేది. యంత్రం కూడా తన లెక్కన అచ్చువేసేది. సాయంత్రానికి రెండింటికీ పద్నాలుగు నిమిషాల తేడా వస్తోంది. నర్మద వంతులను సాగదీసి రాస్తోందనీ, సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుందనీ మెమో. యంత్రానికి అబద్ధమాడే అవసరం లేదని చివర ఒక వాక్యం.

ఆ వాక్యం వసుమతిది. యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాములో గడియారం భాగం రాసింది ఆమే. మూడు వారాల కింద విద్యాసాగర్ అడిగినప్పుడు, ఒక్కసారైనా పరీక్షించకుండా, అది తప్పు చూపదని చెప్పిందీ ఆమే.

నర్మద వచ్చి బల్లముందు నిలబడింది. ఏడుపు ముఖం కాదు. "నేను రోజు పొద్దుగాల రేడియో టైముకు గోడగడియారం కలుపుత మేడం. మీ మిషిన్ దేన్ని చూసి కలుపుకుంటది?"

దేన్నీ చూడదని వసుమతికి తెలుసు. పొద్దున ఒకసారి టైము కొట్టి వదిలేయడమే.

మధ్యాహ్నం ఆబిడ్స్‌లో ఇరానీ హోటల్లో చాయ్ ముందు కూర్చుంటే, గల్లా పక్కన రికార్డు ప్లేయరు పాడుతోంది. చిన్నప్పటి నుంచి ఎరిగిన పాట జలుబు చేసిన గొంతుతో ఈడ్చుకుంటోంది. అడిగితే, పొద్దున బాగానే పాడుతుందనీ, కరెంటు కొరత మొదలైనప్పటి నుంచి పగలంతా ఇదే తంతనీ యజమాని విసుక్కున్నాడు.

వసుమతి చాయ్ సగంలో వదిలి లేచింది.

కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగాలి. ఆ ఊపు మీదే రికార్డు మోటారు తిరుగుతుంది. ఆమె ప్రోగ్రాము కూడా ఆ ఊపులనే లెక్కపెట్టి, యాభై నిండగానే ఒక సెకను అనుకుంటుంది. కొరతలో అవి నలభై ఎనిమిదిన్నరకు దిగితే, సెకను గడిచినా యాభై నిండవు. ఎనిమిది గంటల్లో ఆ వెలితి పద్నాలుగు నిమిషాలు. యాభై మారదని రాసిన పుస్తకాన్ని నమ్మింది. ఈ ఊరి కరెంటును ఒక్కరోజూ కొలవలేదు.

శుక్రవారం ఫోనులో టైము చెప్పే సర్వీసుతో పోల్చి చూసింది. సరిగ్గా పద్నాలుగు. యంత్రంలో కరెంటు ఊపుతో పనిలేకుండా స్ఫటికంతో నడిచే గడియారపు కార్డు ఒకటి వాడకుండా పడి ఉంది. దాన్ని కలిపి తన భాగాన్ని తిరగరాసింది. యంత్రం అచ్చుపనిలో మునిగినా టిక్కులు జారిపోకుండా, ఎన్ని గడిచాయో కార్డునే అడిగే ఏర్పాటు చేసింది. శనివారం ఎనిమిది గంటల్లో ఒక్క సెకను కూడా తేడా రాలేదు.

సోమవారం విద్యాసాగర్ మురిసిపోయి, గడియారాన్ని మెరుగుపరిచామని పైకి రాస్తానన్నాడు. మెమో సంగతి అడిగితే గొంతు తగ్గించాడు. దాన్ని వెనక్కి తీసుకుంటే ఇన్నాళ్లూ పంపిన నివేదికలన్నీ తప్పని ఒప్పుకున్నట్టవుతుందట. ఆ అమ్మాయిని మందలించి వదిలేద్దామట.

"అవి తప్పే. చేసింది నేను," అంది వసుమతి. తను రాసి తెచ్చిన కాగితం ఆయన ముందు పెట్టింది. "నర్మద రిజిస్టరు నిమిషంతో సహా సరైనది. మెరుగుపడిన గడియారం, రద్దయిన మెమో, రెండూ ఈ ఒక్క కాగితం మీదే వెళ్తాయి. మీరు సంతకం చేయకపోతే నేనే పైకి పంపుతాను."

ఆయన కలం మూత తీసి, సంతకం పెట్టాడు.

నర్మద ఆ కాగితం నిలబడే చదివింది. "మూడు వారాల కింద నన్ను ఒక్కమాట అడుగుడు మీకు కష్టమైందా మేడం?" అని, స్టూలు లాక్కుని ఎక్కి, గోడగడియారానికి కీ ఇవ్వడం మొదలుపెట్టింది.

వసుమతి ఆ స్టూలు కదలకుండా పట్టుకుంది.