ఆర్మా కుడిచేతి పట్టీ

ఖలందర్ ఆ ఉదయం కూడా బకెట్టు ముందు గొంతుక్కూర్చుని పట్టీలు పిండుతున్నాడు. రియాద్‌లోని ఆ బాక్సింగ్ జిమ్ములో సాధన చేసేవాళ్లు గ్లవ్స్ కింద చేతులకు చుట్టుకునే పొడవాటి గుడ్డ పట్టీలవి. రాయచోటిలో ఉండగా తన చొక్కా తాను ఉతుక్కోని మనిషి, ఇక్కడ తొమ్మిదేళ్లుగా పరాయివాళ్ల చెమట ఉతుకుతున్నాడు. అయినా అతని ఉతుకుడుకు వంక పెట్టినవాడు లేడు. ఆ గర్వమే ఇవాళ కొంప ముంచింది.

ఏసీలు బాగుచేసే జగిత్యాల రాము, తీగమీద ఆరుతున్న ఒక పాత పట్టీని చూసి ఆగిపోయాడు.

"ఏం జేసినవ్ భాయ్? గిది మన ముసలి ఆర్మాది గదా! దీని మీద రాతుండె."

"సిరా మరక అనుకుంటి రామూ. బ్లీచింగులో నానేసి, రుద్ది రుద్ది పోగొడితి."

"మరక గాదు భాయ్, సంతకం."

పోటీకి ముందు బాక్సరు చేతికి చుట్టిన పట్టీని అధికారి తనిఖీ చేసి, దానిమీదే సంతకం పెడతాడు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఆర్మా కుడిచేతి మీద పడిన సంతకమది. ఘనాలో, అక్రా తీరాన జాలర్ల పేట నుంచి సముద్రం దాటివెళ్లి ఛాంపియన్ బెల్టు గెలిచిన మొదటివాడు ఆర్మా. ఆ బెల్టు భార్య వైద్యానికి అమ్ముడుపోయింది. ఆ గెలుపు వార్తల పేపరు ముక్కలు వానకు నానిపోయాయి. ఇక్కడి నివాస కార్డు ఇఖామాలో అతను ఉత్త క్లీనరు. కొత్త మేనేజరు గోడమీద పాత ఛాంపియన్ల పేర్లు రాయిస్తూ, ఇవాళ్టిలోగా రుజువు చూపిస్తే నీ పేరూ రాయిస్తానన్నాడు. అందుకే ముసలాయన దాన్ని బయటికి తీసి, బెంచీ మీద పెట్టి టీకి వెళ్లాడు. ఖలందర్ దాన్నీ మాసిన పట్టీలతో పాటు బకెట్టులో వేసేశాడు.

ఖలందర్ కాళ్లీడ్చుకుంటూ లోపలికి వెళ్లాడు. తలుపంత వీపు, విరిగి అతుక్కున్న ముక్కు ఉన్న ఆర్మా, ఒక బ్యాంకు ఉద్యోగి చేతికి పట్టీ చుడుతున్నాడు. బొటనవేలికి రెండు చుట్లు, మణికట్టుకు మూడు. ఆ జిమ్ములో అందరిదీ ఆయన నేర్పిన చుట్టే. ఎవరు నేర్పారంటే మాత్రం ఎవరికీ చప్పున పేరు గుర్తురాదు.

తెల్లగా మెరుస్తున్న పట్టీని ఆర్మా రెండువైపులా తిప్పి చూశాడు.

"మాఫీ ముష్కిల్," అన్నాడు, ఫరవాలేదన్నట్టు. ఆ గొంతు విని ఖలందర్‌కు ఏడుపు ఆగలేదు. రెండు తగిలించినా బాగుండేదనిపించింది.

మధ్యాహ్నం అందరూ వెళ్లాక ఆర్మా అతన్ని పిలిచి కుడిచెయ్యి చాపాడు. అందరికీ చుట్టే ఆ చేతికి ఇక్కడ ఎవరూ చుట్టింది లేదు. ఖలందర్ ఆ పట్టీనే చుట్టాడు. ముసలాయన రిసెప్షన్ నుంచి నల్ల మార్కరు తెచ్చి అతనికిచ్చాడు.

"నువ్వే పెట్టు సంతకం," అన్నాడు తన అతుకుల హిందీలో.

ఖలందర్‌కు వచ్చిన సంతకం తెలుగులో తన పేరొక్కటే. కూడబలుక్కుంటూ రాశాడు. ఆ వంకర అక్షరాలు చూసి ఆర్మా నవ్వి, బెంచీ మీదే వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

మూడు దాటాక అసర్ నమాజు చదువుకొని, టీ పట్టుకొని వచ్చేసరికి ఆయన అలాగే ఉన్నాడు. ఖలందర్ పిలిచాడు. భుజం తట్టాడు. ఒళ్లు చల్లబడిపోయింది.

అంబులెన్సువాళ్లు పట్టీ విప్పబోతే, ఉండనీయండని చేతులు పట్టుకుని బతిమాలాడు. వాళ్లు సరేనన్నారు.

సాయంత్రం పెయింటరు వచ్చి గోడమీద పేర్లు రాసి వెళ్లాడు. వాటిలో ఆర్మా పేరు లేదు. బెంచీ మీద నల్ల మార్కరు, మూత తీసింది తీసినట్టే ఉంది.