చుక్క పక్కన ఎనిమిది

నేను ఒక చేతి జీపీఎస్ యంత్రాన్ని. సెల్‌ఫోన్‌ను కాను. ఆ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను చూసిన ప్రతివాడూ ఇందులో పాటలు వస్తాయా అని అడుగుతాడు. రావు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, మీరు భూమ్మీద ఎక్కడ నిలబడ్డారో చెప్పడం. అది తెలియనివాళ్ళే లోకంలో ఎక్కువ కాబట్టి నాకు కొంచెం పొగరుంటే తప్పు పట్టకండి.

సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. పసుపుపచ్చ రబ్బరు తొడుగు, నాలుగు మీటలు, అరచేతిలో ఇమిడే ఒళ్ళు. మొదట నన్ను కొన్నది హైదరాబాదులో ప్లాట్లు అమ్మే ఒక పెద్దమనిషి. చెరువు ఎక్కడ మొదలవుతుందో నేను చెప్పేదాన్ని. ఆయనకు ఆ సంగతి వినాలని ఉండేది కాదు. కొన్నాళ్ళకు నన్ను సొరుగులో పడేశాడు. నిజం చెప్పేవాళ్ళకు దక్కే మర్యాద ఇంతే కాబోలనుకుని ఊరుకున్నాను.

అక్కణ్ణుంచి పాత సామాన్ల దుకాణం మీదుగా ఉదయ్‌భాస్కర్ చేతికి వచ్చాను. అతనికి జియోకాషింగ్ పిచ్చి. అంటే మరేం లేదు, ఒకరు ఎక్కడో రాళ్ళ సందులో చిన్న డబ్బా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు పదిమందికీ చెబుతారు. మిగిలినవాళ్ళు నాలాంటిదాన్ని పట్టుకుని వెతుక్కుంటూ పోతారు. ఆకాశంలో అన్నేసి ఉపగ్రహాలు తిరుగుతున్నది ఎవరో దాచిన డబ్బాలోని ప్లాస్టిక్ ఏనుగును చూసి రావడానికా అని మొదట్లో చాలా నొచ్చుకున్నాను. తర్వాత అలవాటైపోయింది.

ఈ ఆటలో చిక్కు డబ్బా అని ఒక రకం ఉంది. దానికి ముందు చెప్పే చిరునామా ఉత్తుత్తిది. చిక్కు విప్పినవాళ్ళకే అసలు అంకెలు దొరుకుతాయి. వాటిని నాలో ఎక్కించి 'సవరించిన చిరునామా' అని మీట నొక్కితే, అబద్ధం పక్కకు తప్పుకుని నిజం వచ్చి కూర్చుంటుంది. ఇంతటి సదుపాయం మీ మనుషుల్లో ఎవరికైనా ఉందా?

అలాంటి డబ్బా కోసం ఒకే బండకు అటు పక్క, ఇటు పక్క దేవులాడుతుంటే ఉదయ్‌కు సుచరిత తారసపడింది. డబ్బా ఎవరికి ముందు దొరికిందన్న తగువు పెరిగి పెరిగి పెళ్ళి దాకా వచ్చింది.

పెళ్ళి హైదరాబాదు బయట, హైవే పక్క కల్పవల్లి ఫంక్షన్ హాల్లో. అక్కడ ఫంక్షన్ హాళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. వెనకంతా బండరాళ్ళే. పెళ్ళయ్యాక బిందెలో ఉంగరం తీసే ఆట ఉంటుంది కదా, దాన్ని ఉదయ్ తన పద్ధతిలో ఆడించాలనుకున్నాడు. ముందురోజు సాయంత్రం మేనత్త అండాలమ్మను అడిగి ఉంగరమున్న ఎర్రసంచి తీసుకున్నాడు. దాన్ని డబ్బాలో పెట్టి, హాలు వెనక ఒక రాయి కింద దాచాడు. ఏ రాయో గుర్తుపెట్టుకోలేదు. నేనున్నాను కదా! సుచరితకు చెప్పబోయే ఉత్తుత్తి చిరునామా హాలు గేటు, సవరించిన చిరునామా ఆ రాయి. ఆమె కంట పడకూడదని నన్ను తీసుకెళ్ళి కాబోయే మామగారి జేబులో పెట్టాడు. కొంప మునిగింది అక్కడే.

మామగారు గోనె రాంచందర్ గారు. నల్లగొండలో టైల్స్ వ్యాపారం. మనిషి బంగారమే, కానీ అంకె కనబడితే కూడకుండా ఉండలేరు, కూడితే తొమ్మిది రాకపోతే ఉండనివ్వరు. ఫోను నంబరు తొమ్మిది, కారు నంబరు తొమ్మిది. ఇంటికి మెట్లు కూడా తొమ్మిదే. చివరి మెట్టు గడప కంటే ఎత్తయిపోయింది, అయినా సరే, ఎక్కి, దిగి, లోపలికి వెళతారు.

పెళ్ళినాడు పొద్దున స్నానం చేసి, కళ్ళజోడు పెట్టుకుని నన్ను బయటికి తీశారు. నా తెర మీది అంకెలన్నీ కూడారు. ఎనిమిది వచ్చింది. పైగా దశాంశ చుక్క పక్కన ఒక ఎనిమిది నిక్షేపంగా కూర్చుని ఉంది. శని అంకె! అదీ కూతురి కాపురం మొదలయ్యే రోజున. సవరించే మీట అల్లుడు నొక్కుతుంటే చూసి ఉన్నారు. ఆ ఎనిమిదిని తొమ్మిది చేసి, నన్ను కళ్ళకద్దుకుని మళ్ళీ జేబులో వేసుకున్నారు. పోనీ చివరి అంకె మార్చినా బాగుండేది, మనిషి పడుకునేంత దూరంతో పోయేది. చుక్క పక్క అంకె అంటే మాటలా? నా గురి సరిగ్గా ఒక పెళ్ళి అవతలికి జరిగింది.

జీలకర్ర బెల్లం అయింది. పుస్తెలను పళ్ళెంలో పెట్టి పెద్దలందరి చేతా ముట్టించాలని పంతులుగారు ఎర్రసంచి విప్పారు. ఉంగరం దొర్లింది. అండాలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. రెండు సంచులూ ఒకే గుడ్డతో కుట్టింది తనే. ఉదయ్‌కు ఇచ్చింది పుస్తెల సంచి. ఉంగరం మండపంలో, పుస్తెలు బండల్లో.

పసుపుకొమ్ము కట్టినా పెళ్ళి పెళ్ళేనని పంతులుగారు ధైర్యం చెప్పారు. ఉదయ్ తల ఎత్తలేదు. ఆ పుస్తెల్లో ఒకటి, పోయిన తల్లి గాజులు కరిగించి చేయించింది.

"మా అమ్మ బంగారం లేకుండ నేను కట్ట, అత్తా," అన్నాడు.

కంకణం కట్టుకున్నాక పీట దిగకూడదని పంతులుగారు గట్టిగా చెప్పడంతో రాంచందర్ గారే నన్ను పట్టుకుని, అండాలమ్మను వెంటబెట్టుకుని బయలుదేరారు. హాలు వెనకకు పొమ్మన్నాడు అల్లుడు. నా బాణమేమో పక్క హాలుకు చూపిస్తోంది. నేనేం చెయ్యను? ఎక్కించిన అంకెలకు దారి చూపడం వరకే నా పని. అండాలమ్మ అనుమానపడి ఆగింది.

"తొమ్మిది మోసం చెయ్యదు వదినె, నడువు," అన్నారాయన.

పక్క హాల్లోనూ పెళ్ళే. షామియానా కింద భోజనాల బల్లల మధ్య ఒక ఖాళీ కుర్చీ దగ్గర 'చేరుకున్నారు' అని చెప్పాను. చెప్పడానికి సిగ్గేసింది. ఆయన కుర్చీలో కూర్చుని కిందికి వంగేలోపే ఎవరో విస్తరి వేసి బగారన్నం వడ్డించారు. పిల్ల తరఫువాళ్ళు ఈయన పిల్లవాడి తరఫు పెద్దమనిషి అనుకున్నారు, పిల్లవాడి తరఫువాళ్ళు పిల్ల తరఫు అనుకున్నారు. అన్నం ముందు నుంచి లేవకూడదు కదా, ఆయన తిన్నారు. అండాలమ్మ బల్లల కింద దూరి వెతుకుతుంటే, పాపం చెవికమ్మ పోయినట్టుందని ఆ పెళ్ళివాళ్ళు కూడా నలుగురు దూరారు. రాంచందర్ గారు చెయ్యి కడుక్కోగానే మర్యాదగా వేదిక ఎక్కించారు. ముక్కూ ముఖం తెలియని జంట మీద అక్షింతలు వేసి, ఫొటో దిగారు. దిగి వస్తుంటే చేతిలో చిన్న స్టీలు డబ్బా పెట్టారు.

డబ్బా అనేసరికి ఆయన ముఖం చాటంత అయింది. చూసినవా తొమ్మిది పవరు అని అండాలమ్మతో అంటూనే పరుగందుకున్నారు. మన మండపంలో అందరూ లేచి నిలబడ్డారు. పంతులుగారు మంత్రం ఆపకుండానే మూత తీశారు. లోపల రెండు లడ్డూలు, వచ్చినందుకు ధన్యవాదాలు అని ఒక కార్డు.

ఎవరూ నవ్వలేదు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గొణిగారు. ఉదయ్ కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు సుచరిత చెయ్యి చాపి నన్ను తీసుకుంది. తెర మీది అంకెలు వేళ్ళ మీద కూడింది. తండ్రి వైపు చూసింది.

"నాయినా, ఏ అంకె మార్చినవ్?"

ఆయన కండువా సర్దుకున్నారు. మండపం కప్పుకేసి చూశారు. ఒప్పుకుంటే బంధువులందరిలో పరువు పోతుంది, ఒప్పుకోకపోతే కూతురి పెళ్ళి ఆగిపోతుంది.

"చుక్క పక్కన ఎనిమిది ఉండె, బిడ్డా. నీకు శని తగలొద్దని తొమ్మిది చేసిన," అని అందరి ముందూ ఏడ్చేశారు.

ఆమె తొమ్మిదిని మళ్ళీ ఎనిమిది చేసి మీట నొక్కింది. నా బాణం గిర్రున తిరిగి హాలు వెనకకు చూపింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక చేత్తో తల మీది జీలకర్ర బెల్లం జారకుండా తమలపాకు అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని సుచరిత పీట దిగింది. వెనకే ఉదయ్. పీట దిగకూడదన్న పంతులుగారు ఇద్దరినీ దాటి ముందు పరుగెత్తారు. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి సన్నాయి, డోలు కూడా వాయించుకుంటూ వచ్చేశాయి. చెవికమ్మ దొరికిందా అని పక్క పెళ్ళివాళ్ళు కొందరు జతకలిశారు.

నేను ఆగమన్న బండ కింద ఉదయ్ చెయ్యి పెట్టాడు. డబ్బా వచ్చింది, డబ్బాలో ఎర్రసంచి ఉంది. వెనక్కి పోయే వ్యవధి లేదు, ఇక్కడే కానివ్వమన్నారు పంతులుగారు. ఆ బండ మీదే కూర్చోబెట్టారు. తల్లి బంగారాన్ని నుదుటికి ఆనించుకుని, ఉదయ్ కట్టాడు. గట్టిమేళం మోగింది. రాంచందర్ గారు మాత్రం దూరంగా ఇంకో బండ చాటున నిలబడి అక్షింతలు వేశారు. తన చెయ్యి తగిలితే మళ్ళీ ఏమవుతుందోనని ఆయన భయం.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. ఇప్పుడు నా తెర మసకబారింది, రబ్బరు ఊడింది. వాళ్ళిద్దరూ ఫోన్లు పట్టుకుని వెతుకుతున్నారు, నన్ను షోకేసులో పెళ్ళి ఫొటో పక్కన పెట్టారు. ఆ పక్క హాలు పెళ్ళివాళ్ళు ఆల్బంలో తమ పెద్దమనిషి ఎవరా అని ఇప్పటికీ తన్నుకుంటూ ఉంటారని నా నమ్మకం.

రాంచందర్ గారు కూతురింటికి వచ్చినప్పుడల్లా నాకు కొత్త బ్యాటరీలు తెస్తారు. సుచరిత వాటిని వేసి, ఆ బండ చిరునామా తెరిచి ఇస్తుంది.

"అట్లనే ఉన్నదా, బిడ్డా?"

"అట్లనే ఉన్నది, నాయినా."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని అంకెలన్నీ కూడతారు. ఎనిమిదే వస్తుంది. వేలు మీట దాకా వస్తుంది. కాసేపు అక్కడే ఆగి, చల్లగా వెనక్కి పోతుంది.