డితో మొదలయ్యే ఐదక్షరాల మాట

ప్రెస్సులో అందరూ అతన్ని కామా అనే పిలిచేవారు. మూడొందల పేజీల పుస్తకంలో ఎక్కడో ఒక్క కామా తప్పిపోయినా పట్టేసే ప్రూఫ్‌రీడర్ మరి. అలాంటివాడికి ముప్పై నాలుగేళ్లకే రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగేసి గంటలు డయాలసిస్. మంగళ, గురువారాలు ఒక్కడే వెళ్లొచ్చేవాడు. శనివారం మాత్రం అక్క తోడుండేది. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టే పని ఆమెది. శనివారం ఒంటిపూటే.

తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు, ఆమెకి పదమూడు. బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. వాణ్ణి డిగ్రీ దాకా చదివించింది. తర్వాత తన పెళ్లి, ఒక కూతురు, ఆ కూతురికి రెండేళ్లు నిండకుండానే భర్త పోవడం, అన్నీ అయ్యాయి. తమ్ముడు పెళ్లి మాటెత్తితే నవ్వేసి ఊరుకునేవాడు.

"నాలుగు గంటలు గోడకేసి చూస్తూ ఏం కూర్చుంటావక్కా, ఆట ఆడదాం" అన్నాడొక శనివారం. ఆట ఏమిటంటే, వాడు రెండు మూడు అక్షరాలు చెబుతాడు. అవి ఉన్న ఐదక్షరాల ఇంగ్లీషు మాట ఈమె చెప్పాలి. అర్థం కూడా చెప్పాలి. అర్థం చెప్పకపోతే మార్కు లేదు.

"నాకొచ్చిన ఇంగ్లీషంతా చొక్కా లేబుళ్ల మీదున్నదేరా."

"దాంతోనే మొదలెడదాం. ఎల్, ఏ."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "స్మాల్. చిన్నది. లార్జ్... లావుపాటి వాళ్లది."

పక్క మంచం మీదున్న భారీ మనిషి పకపకా నవ్వాడు. "పెద్దది అనవే తల్లీ, ఇక్కడ మనుషులున్నారు" అన్నాడు తమ్ముడు.

అలా మొదలైంది. ఫ్యాక్టరీలో కాలరు తిప్పుతూ మాటలు వల్లె వేసుకునేది. కూతురి డిక్షనరీలో రోజుకో పేజీ చూసేది. ఆరు నెలలకి వాడు ఒక మాట చెబితే ఈమె రెండు చెబుతోంది. "నీకు చదువు చెప్పిస్తే ప్రెస్సులో నా కుర్చీ పోయేది" అనేవాడు. ఆ మాట అన్నాక గబగబా కొత్త అక్షరాలు అందుకునేవాడు.

ఆ రోజుల్లోనే పెద్ద డాక్టరు, తోబుట్టువు కిడ్నీ సరిపోవచ్చు, పరీక్ష చేద్దాం అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సరేనంది. రక్తం ఇచ్చింది, స్కానింగులు చేయించుకుంది. అన్నీ కుదిరాయి. కుదిరాయని డాక్టరు ఆమెని ఒక్కదాన్నే పిలిచి చెప్పాడు.

"నాకేమన్నా అయితే నా పిల్లకి దిక్కెవరండీ?" అంది. అడుగుతుండగానే ఏడుపొచ్చేసింది.

డాక్టరు మంచివాడు. "భయపడుతూ ఇవ్వకూడదమ్మా. కుదరలేదని మేమే చెబుతాం. ఇంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పం" అన్నాడు.

గదిలోంచి బయటికొస్తుంటే గుండెల మీది బరువు దిగిపోయినట్టయింది. అలా తేలికపడినందుకే తన మీద తనకి అసహ్యం వేసింది.

"కుదరలేదట్రా" అంది తమ్ముడితో.

"పోన్లే అక్కా" అన్నాడు వాడు. "పొద్దుటినించీ ఏమన్నా తిన్నావా?"

రెండు నెలలు గడిచాయి. ఒక శనివారం వాడు కళ్లు మూసుకుని "డితో మొదలవ్వాలి. ఎన్, ఆర్ ఉండాలి" అన్నాడు.

"డ్రెయిన్. మురిక్కాలవ."

"డ్రంక్. తాగినవాడు."

"డ్రౌన్. మునిగిపోవడం."

"డ్రోన్. గాల్లో ఎగిరేది."

"డైనర్. భోజనానికొచ్చినవాడు" అంది. ఆ మాట అంటుండగానే ఇంకో మాట నాలుక మీదికొచ్చింది. డోనర్. ఇచ్చేవాడు, దాత. ఎదురుగోడ మీది అవయవదానం పోస్టరులో ఆ మాటే పెద్దక్షరాల్లో ఉంది. ఆమె ఆ మాట మింగేసి వాడి దుప్పటి సర్దింది. ఒక కామాని కూడా వదలని మనిషి కళ్లు తెరిచి పోస్టరు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"ఇంకేం లేవులే" అన్నాడు. "వేరే అక్షరాలు చెబుతా."

వానలు మొదలయ్యాక వాడి చేతికి, సూది గుచ్చే చోట చీము పట్టింది. జ్వరం తగ్గనే లేదు. మూడో రోజు మధ్యాహ్నం, అక్క మందుల దుకాణానికి వెళ్లి వచ్చేలోపు ప్రాణం పోయింది.

పదిహేను రోజుల తర్వాత, వార్డులో ఉండిపోయిన దుప్పటి, చెప్పులు తీసుకుపొమ్మని కబురొస్తే వెళ్లింది. ఏడాదిగా వాడికి సూది గుచ్చిన నర్సమ్మ ఆ మూట చేతికిస్తూ "కూర్చోమ్మా" అంది.

ఆమె కూర్చోలేదు. "మీకొక మాట చెప్పాలి సిస్టర్. ఆ పరీక్షలు కుదరకపోవడం కాదు. నేనే..."

"తెలుసమ్మా. ఆయనకీ తెలుసు."

మూట చేతిలోంచి జారింది.

"అన్నీ కుదిరాయని రాసున్న మీ ఫైలు నా టేబుల్ మీద తెరిచి ఉంటే ఆ వైపు నుంచి తలకిందులుగా చదివేశాడు. ప్రెస్సువాళ్లకి అలవాటేనట. అక్కకి తెలియనివ్వొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. 'ఆరేళ్లప్పట్నించీ మోసింది, ఇంకెంత మొయ్యమంటాం' అన్నాడు."

బస్టాపులో రెండు బస్సులు వదిలేసింది. వాడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో అనుకుంది. ఎంత ఆలోచించినా ఆ 'ఏమో' తీసేయలేకపోయింది. ఆ శనివారాలన్నీ వాడు తెలిసీ ఎలా నవ్వాడో, ఏమీ ఎరగనట్టు ఎలా ఆడించాడో ఒక్కోటీ తలుచుకుంటూ కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి కూతురు హోంవర్కు చేసుకుంటోంది. పదేళ్ల పిల్ల. "కళ్లేంటమ్మా అలా ఉన్నాయి?" అంది.

ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. దాటేయడానికి ఓపిక మిగల్లేదు. జరిగిందంతా చెప్పింది.

పిల్ల పెన్సిలు కింద పెట్టింది. "నువ్విస్తే మామయ్య బతికేవాడా?"

"బతికేవాడనే అనుకుంటున్నా."

"మరి నువ్వు?"

"నేనూ బతికేదాన్నేనమ్మా. చాలామంది బతుకుతారట. నాకు భయమేసింది, అంతే."

పిల్ల లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. తల్లి ఆ తలుపు తట్టలేదు. పొయ్యి వెలిగించి అన్నం పెట్టింది. అన్నం ఉడికేవేళకి పిల్ల బయటికొచ్చి, రెండు కంచాలు తీసి కడిగి, తల్లికి కాస్త ఎడంగా కూర్చుంది.