మూడో నంబరు బొమ్మలు

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు సూపర్‌వైజరు ఒక కవరు తెచ్చి పెద్దక్క బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయాడు. పెద్దక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మళ్ళీ మడిచి కవరులో పెట్టింది. సొరుగు లాగి మందుల డబ్బా, దువ్వెన, చేతి రుమాలు ఒక్కొక్కటే తీసి సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. పక్క సీటులో ఫోను మాట్లాడుతున్న వెన్నపూస ఇదంతా ఓరకంట చూసి, అవతల పార్సిలు పోయిందని తిట్టిపోస్తున్న పెద్దమనిషిని "ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్" అని ఆపి, ఆ కవరు అందుకుంది.

పెద్దక్క సోమవారం నుంచి ఊరి చివర గోదాములో పనికి హాజరు కావాలట. కారణం కూడా రాశారు. "మానసిక ఒత్తిడి తీవ్రంగా ఉన్నది. కస్టమర్లతో మాట్లాడే పనికి తగరు."

వెన్నపూస ఆ కారణం మళ్ళీ చదివింది. చెవిలో పెద్దమనిషి ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

అది ఒక కొరియరు కంపెనీలో పోయిన పార్సిళ్ళ విభాగం. పన్నెండు సీట్లు, పన్నెండు ఫోన్లు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిట్లు తినడమే అక్కడి ఉద్యోగం. మూడో నంబరు సీటు పెద్దక్కది, నాలుగు వెన్నపూసది. వెన్నపూస అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పదకొండేళ్ళుగా ఎంతటి కోపిష్టి ఫోను చేసినా ఆ వెన్నలాంటి గొంతు ఒక్క పిసరు పైకి లేవలేదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె మాటల రికార్డింగే పాఠంగా వినిపిస్తారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ గొంతు ఇంటికి కూడా ఆమె వెంటే వస్తుంది. ఆ మధ్య ఎనిమిదేళ్ళ కూతురు గ్లాసెడు పాలు మంచం మీద ఒలకబోసి బిక్కుబిక్కుమంటూ నిలబడితే, వెన్నపూస "ఫరవాలేదమ్మా, సరిచేస్తాను, కొద్దిసేపు వేచి ఉండు" అంది. పిల్ల భోరుమంది. "ఒక్కసారి తిట్టమ్మా! అందరమ్మలూ తిడతారు!" అని కాళ్ళు నేలకేసి కొట్టింది. వెన్నపూసకు ఆ ఏడుపు ఎందుకో అంతుపట్టలేదు.

పెద్దక్క సంగతి వేరు. ఆవిడ ఇల్లు ఆఫీసు వెనక సందులోనే. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ భర్త ఉన్నాడు. ఒంటిగంటకు పరుగున ఇంటికి పోయి, ఆయనకు నాలుగు ముద్దలు తినిపించి, పక్క మార్చి, పావు తక్కువ రెండుకల్లా మళ్ళీ సీటులో ఉంటుంది. గోదాముకు రెండు బస్సులు మారాలి, పోవడానికే గంటన్నర. అంటే అది బదిలీ కాదు, ఉద్యోగం మానుకోమని చెప్పడమే. ఈ సంగతి ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు. కవరు పెట్టి జారుకున్న సూపర్‌వైజరుకూ తెలుసు.

"అక్కా, నీకు ఒత్తిడేంటి? ఏం చూసి రాశారు ఇలాగ?" అంది వెన్నపూస.

"బొమ్మలు చూసి రాశారట. శుక్రవారం బొమ్మలు. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది చూడు," అంది పెద్దక్క, దువ్వెనలో వెంట్రుకలు తీస్తూ.

వెన్నపూస చూపు తన బల్ల మీది రంగుల డబ్బా మీద పడింది.

ఒత్తిడి తగ్గాలంటే ఫోన్లు తగ్గించాలి, లేకపోతే మనుషుల్ని పెంచాలి. కంపెనీకి ఆ రెండూ రుచించలేదు. పన్నెండు మైనపు రంగుల డబ్బాలు కొనిపెట్టి, మనసుల సంగతి చూసే ఒక కౌన్సిలరమ్మను పిలిపించింది. రెండు నెలల నుంచి ప్రతి శుక్రవారం నాలుగింటికి ఫోన్లు ఆపేసి, అరగంట సేపు అందరూ అచ్చు వేసిన బొమ్మలకు రంగులు వేసుకోవాలి. "తప్పులుండవు, మార్కులుండవు. ఇది మీకోసం మీరు చేసుకునే పని. చేతికి ఏది తోస్తే అది వేయండి," అని మొదటి రోజు ఆవిడ ఎంతో ప్రేమగా చెప్పింది. అరగంట అయ్యాక ఆ కాగితాలన్నీ పోగుచేసుకుపోయేది. వెనక మూల సీటు నంబరు వేసి ఉండేది. చెత్తబుట్టలోకే పోతున్నాయని అందరూ అనుకున్నారు. మార్కులు లేని చోట నంబర్లెందుకని ఒక్కరికీ తట్టలేదు.

మొదటి శుక్రవారం పెద్దక్క తన కాగితం పక్కకు జరిపి, "నా వంతు కూడా నువ్వే కానిచ్చెయ్యవే పిల్లా, ఒక్క కునుకు తీస్తాను," అని బల్ల మీద తల వాల్చేసింది. రాత్రంతా రోగిని పక్క మార్చే మనిషి, కునుకు పట్టిందంటే వింతేముంది? వెన్నపూస తన బొమ్మ గీత దాటకుండా గులాబీ, ఆకుపచ్చ వేసి ముగించి, పెద్దక్క కాగితం దగ్గరికి లాక్కుంది. అది తన నంబరుది కాదు. ఎలా వేసినా అడిగేవాళ్ళు లేరు. చెయ్యి తనంతట తనే నలుపు తీసుకుంది. పది నిమిషాల తర్వాత చూసుకుంటే భుజాలు దిగి, మెడ నొప్పి పోయి, ఒళ్ళు దూదిలా ఉంది. ఆ రోజు నుంచి శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టింది. ప్రతి శుక్రవారం పెద్దక్క నిద్రపోయేది, ప్రతి శుక్రవారం వెన్నపూస రెండు బొమ్మలు వేసేది. ఎనిమిది వారాల్లో ఆమె డబ్బాలో నలుపు రంగు గోరంత మిగిలింది.

లైన్లో ఉన్న పెద్దమనిషిని అక్కడే వదిలేసి వెన్నపూస లేచింది. పదకొండేళ్ళలో ఆమె ఒక కస్టమరును వదిలేయడం అదే మొదలు.

కౌన్సిలరమ్మ గది హాలు చివర ఉంది. తలుపు తెరిచే ఉంది. ఆవిడ వెన్నపూసను చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది. "రండి రండి, మీకు శుభవార్త చెప్పాలనే అనుకుంటున్నాను. నాలుగో నంబరు బొమ్మలు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో! మిమ్మల్ని టీమ్ లీడరుగా వేయమని రాశాను."

"మూడో నంబరు బొమ్మలు ఒకసారి చూపిస్తారా మేడం?"

కౌన్సిలరమ్మ నవ్వు తగ్గించి, ఒక అట్ట ఫైలు తీసి ఎనిమిది కాగితాలూ బల్ల మీద వరసగా పరిచింది. "చూపించకూడదు గానీ, మీరు ఆవిడకి దగ్గరివాళ్ళు కాబట్టి చూపిస్తున్నా. ఇరవై ఏళ్ళ అనుభవంలో ఇలాంటివి నేను చూడలేదు," అంది.

మొదటి దానిలో గూడు, తల్లి పిట్ట, మూడు పిల్లలు. పిల్లలకు పసుపు రంగు, బుజ్జి కాళ్ళకు నారింజ, గీత దాటకుండా ముద్దుగా వేసి ఉంది. తల్లి పిట్ట ముక్కు మాత్రం నల్లగా ఉంది. రెండో దానిలో చేపపిల్లలు నీలంగా మెరుస్తున్నాయి, తల్లి చేప తల మొత్తం నలుపు. మూడో దానిలో ఇల్లు, నాన్న, పాప ఉన్నారు. అమ్మ ఉండవలసిన చోట నల్లటి మచ్చ ఉంది. పిల్లి, కోడి, గొడుగు పట్టుకున్న ఆవిడ, గుర్రం, అన్నిట్లోనూ పిల్లలు పువ్వుల్లా ఉన్నారు, తల్లి లేదు. చివరి దానిలో ఆవు ఉన్న చోట రుద్ది రుద్ది కాగితమే చిరిగిపోయింది. ఆ చిరుగు పక్కనే తెల్లటి దూడ నిలబడి ఉంది.

అయ్యో పాపం, ఎవరీ మనిషి, అనుకుంది వెన్నపూస. నిజంగానే ఒక్క క్షణం అలా అనుకుంది. ఆ మనిషి మీద జాలి వేసింది, భయం కూడా వేసింది. ఆ తర్వాత ఆ నారింజ రంగు కాళ్ళు గుర్తుపట్టింది.

నలుపు వేసిన సంగతి ఆమెకు తెలుసు. చేతికి హాయిగా ఉందని వేసింది. ఎనిమిది వారాలూ ఎవరిని చెరిపేస్తూ వచ్చిందో మాత్రం తెలియదు. పాలు ఒలకబోసి నిలబడ్డ కూతురు కళ్ళ ముందు మెదిలింది. అమ్మ ఉన్నా లేనట్టేనని ఆ పిల్ల చిన్న బుర్రకు తెలిసింది, తనకు తెలియకపోయింది కదా అనుకుంది.

"మేడం, ఇవి అక్కవి కావు. నావి. ఆవిడ పడుకుంటే నేనే వేశాను," అంది.

కౌన్సిలరమ్మ జాలిగా తల ఊపింది. "స్నేహం కొద్దీ అంటున్నారు. నాకర్థమవుతుంది."

"లేదు మేడం. నిజంగా నావే."

"మీ గొంతు మీరే వినండి. ఒక్క వణుకైనా ఉందా? ఇవి వేసిన మనిషికి ఇలాంటి గొంతుంటుందా?"

వెన్నపూస విన్నది. నిజమే. లోపల గుండె దడదడా కొట్టుకుంటుంటే, బయటికి వచ్చింది మాత్రం "కొద్దిసేపు వేచి ఉండండి" అనే గొంతే. పదకొండేళ్ళు ఆ గొంతు ఆమెకు అన్నం పెట్టింది. ఇప్పుడు అదే గొంతు పక్కన ఉన్న మనిషి నోటి దగ్గర ముద్ద లాగేస్తోంది. ఇంకోసారి చెప్పబోయింది. మళ్ళీ అదే వెన్న, అదే మెత్తదనం. ఆమెకు తన నోటిని తనే పీకి పారేయాలన్నంత అసహ్యం పుట్టింది.

"నావే అంటుంటే వినపడదా!"

ఆ అరుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. కిటికీ అద్దం అదిరింది. హాల్లో ఫోన్ల మీద మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కౌన్సిలరమ్మ చేతిలో కలం జారి కింద పడింది. అందరికంటే ఎక్కువ హడలిపోయింది వెన్నపూసే. తనకు ఇంత గొంతుందా! కానీ మొదలుపెట్టాక ఆగలేదు. "నావే! ఎనిమిదీ నావే! కావాలంటే నా డబ్బాలో నలుపు చూడండి, గోరంత మిగిలింది! అక్క డబ్బా మూత కూడా తీయలేదు! మార్కులుండవన్నారుగా? మాకోసం మేం చేసుకునేదన్నారుగా? మరి దీన్ని పట్టుకుని మనిషి కూడు తీసేస్తారా?" కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ముక్కు కారుతోంది, ఆమె తుడుచుకోలేదు.

గుమ్మంలో సూపర్‌వైజరు, ఆయన వెనక సంచి చంకన పెట్టుకుని పెద్దక్క.

"అరవకే తల్లీ, గొంతు పోతుంది," అంది పెద్దక్క లోపలికి వచ్చి.

"చెప్పక్కా వీళ్ళకి! నువ్వు నిద్రపోతుంటే నేనే వేశానని చెప్పు!"

పెద్దక్క బల్ల మీద కాగితాల వంక చూసింది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు. "మొదటి వారం నిజంగానే నిద్రపోయాను," అంది నెమ్మదిగా. "రెండో వారం నీ చేతి చప్పుడుకి మెలకువ వచ్చింది. బల్లంతా ఊగిపోతోంది. ఒక కన్ను తెరిచి చూశాను. మళ్ళీ మూసుకున్నాను."

"అంటే... అప్పటి నుంచీ..."

"నాకు నిద్ర పట్టలేదే. నేను లేస్తే నువ్వు ఆపేస్తావు. నీ కాగితం మీద నువ్వెలాగూ వేయవు. అందుకని కళ్ళు మూసుకుని పడుకున్నాను."

వెన్నపూస నిలువునా నీరైపోయింది. ఈ మనిషికి అంతా తెలుసు. కవరు విప్పినప్పుడూ తెలుసు, దువ్వెన సర్దుకుంటున్నప్పుడూ తెలుసు. ఒక్క మాట చెబితే సీటు నిలబడేది. చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదక్కా?" అంది, గొంతు బొంగురుపోయి.

"ఏమని చెప్పను? ఇది మా పిల్ల కడుపులో దాచుకున్న బాధ, చూడండి అనా?"

సూపర్‌వైజరు నేల చూపులు చూస్తున్నాడు. కౌన్సిలరమ్మ ముఖాన నెత్తురు చుక్క లేదు. చివరికి ఆవిడే కాగితాలు పోగుచేస్తూ అంది. "నివేదిక మార్చి రాస్తాను. కానీ మారిస్తే... ఆ ఉత్తరం నాలుగో నంబరుకి వెళ్తుంది. టీమ్ లీడరు మాట కూడా ఉండదు. తెలుసుగా?"

"రాయండి," అంది వెన్నపూస. "గోదాములో ఫోన్లు ఉంటాయా సార్?"

"ఉండవు," అన్నాడు సూపర్‌వైజరు.

"అయితే రాయండి."

"నీకేమైనా పిచ్చి పట్టిందా? రెండు బస్సులు మారాలే!" అంది పెద్దక్క.

"నాకు మధ్యాహ్నం అన్నం తినిపించాల్సినవాళ్ళు లేరుగా అక్కా. నువ్వా సంచి లోపల పెట్టుకో."

నాలుగయింది. రోజూ గడియారంలా నడిచే ఆఫీసు కదా, ఇంత జరిగినా కాగితాలు బల్లల మీదికి రానే వచ్చాయి. ఈసారి బొమ్మ మేక, మేకపిల్ల. పెద్దక్క దువ్వెనా మందుల డబ్బా మళ్ళీ సొరుగులో పెట్టుకుని, అలవాటు ప్రకారం తన కాగితం పక్కకు జరిపి బల్ల మీద తల వాల్చింది.

వెన్నపూస ఆ కాగితాన్ని తిరిగి ఆవిడ వైపు తోసింది. తన కాగితం వెనక మూల చూసుకుంది. నాలుగు. గోరంత నలుపు ముక్క వేళ్ళ మధ్య పట్టుకుంది.

"అక్కా, కళ్ళు తెరువు."

పెద్దక్క తల ఎత్తింది.

"ఇవాళ ఎవరూ చూడకుండా వేయడం నా వల్ల కాదు," అంది వెన్నపూస.

పెద్దక్క కుర్చీ దగ్గరికి జరుపుకుని, కళ్ళజోడు పెట్టుకుంది.

"చూస్తున్నాను. కానివ్వు."